ఇంటికి తగిన యెరువుకుండ

వంటయింటిలోనికి వచ్చు వస్తువులయందు మనకు గల శ్రద్ధ, వంటయింటినుండి వెలుపలికి పోవు వస్తువులయందు లేదు. బియ్యమున రాళ్ళున్నవేమో, వంకాయలో పుచ్చున్నదేమో అని పరిశీలించి చూతుము గాని, తరిగిన తొక్కలు, ముచ్చికలు, వాడిన పూలు, మిగిలిన మెతుకులు గడప దాటి యెచ్చటికి పోవుచున్నవో విచారింపము. గడప దాటినంతమాత్రమున నవి లోకమును దాటిపోవు. ఎవరి ముంగిటనో పడియే తీరవలయును. ఆ తొక్కలను ఇంటనే యెరువుగా మార్చుకొనుటకు మేము చేసిన ప్రయత్నమును, మా బంధువుల యిండ్లలో మేము చూచిన పద్ధతులను ఇందు ముచ్చటింపదలచితిమి.

మన పెద్దల కాలమున నీ చిక్కు లేదు. పాడియున్న యింట బియ్యము కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితితొట్టిలో పడెడివి. గేదె ఆ కుడితి త్రాగి పాలిచ్చెడిది. దాని పేడయు, దొడ్డి ఊడ్చిన కసవును, పొయ్యిలోని బూడిదయు పెంటకుప్పకు చేరెడివి. తొలకరికి ముందు ఆ కుప్పను బండ్లకెత్తి పొలమునకు తోలెడివారు. ఏది యెందులో వేయవలయునో యే యిల్లాలును పుస్తకము చూచి నేర్చుకొనలేదు. ఇప్పుడు పట్టణపు ఇండ్లలో గేదె లేదు, దొడ్డి లేదు, పెంటకుప్ప లేదు. తొక్కలు మాత్ర మున్నవి. పూర్వము ఇంటి యేర్పాటే చేసిన నిర్ణయమును ఇప్పుడు ఇల్లాలు ఆలోచించి చేయవలసివచ్చినది.

చేయకున్న నేమగునో మా హైదరాబాదు నగరమే చెప్పుచున్నది. నగరపు చెత్త యేండ్లతరబడి జవహర్‌నగరమునకు చేరి కొండవలె పేరుకొనినది. ఆ కొండనుండి ఊరిన నల్లని నీరు దాపుననున్న మల్కారము చెరువును, పరిసరములయందలి భూగర్భజలమును చెడగొట్టినది. దుర్గంధము భరింపలేక ఆ ప్రాంతవాసులు ఎన్నియో సంవత్సరములు మొఱపెట్టుకొనిరి. ఆ నల్లని నీరు ముఖ్యముగా మన తొక్కలనుండి, మన మెతుకులనుండి పుట్టినదే. తడి పదార్థము గాలి తగులక అడుగున పడి క్రుళ్ళినప్పుడు దుర్గంధమును, మీథేను అను మండెడు వాయువును పుట్టును. తడిచెత్తను పొడిచెత్తను ఇంటివద్దనే వేరుచేయవలయునని 2016వ సంవత్సరపు కేంద్రప్రభుత్వ నియమములు శాసించినవి. అట్లు చేయక అన్నియు నొకే సంచిలో ముడివేసి పంపినచో, దానిని వట్టిచేతులతో విప్పి ఏరువారిలో మనవంటి స్త్రీలే యనేకులు. ఈ మాట మనసున నాటినతరువాత మేము మరి సంచి ముడివేయజాలకపోతిమి.

ఎరువు చేయవలయునని నిశ్చయించుకొనుట సులభమే. ఎట్లు చేయవలయునన్నప్పుడు నూరు నోళ్ళు నూరు మాటలు చెప్పును. గుంత త్రవ్వుమని యొకరు, కుండలు కొనుమని యొకరు, వానపాములను పెంచుమని వేఱొకరు, విద్యుద్యంత్రము తెప్పించుకొనుమని మఱియొకరు. ఎవరి పద్ధతి వారికి శ్రేష్ఠము. మాకు తోచినదేమనగా, పద్ధతులలో శ్రేష్ఠమైనదని యొకటి లేదు. ఇంటికి తగినది, తగనిది అని మాత్రమే యున్నది. అది తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనవలయును. మన యింట మిగులునదేమి, ఎంత? మనకున్న చోటు, ఆ చోటి యెండవాన లెట్టివి? ప్రతిదినము ఈ పని చేయు చేతులెవరివి? మొదటి రెండు ప్రశ్నలు అందరును వేసికొందురు. మూడవదానిని మఱచుటచేతనే అనేకుల యిండ్లలో కుండలు కొన్న నెలకే మూలపడుచున్నవి.

మేము మొదట నొక వారము దినములు తూచి చూచితిమి. మా యింట ఐదుగురము. దినమునకు తడిచెత్త ఒక కిలోకు కొంచె మెక్కువగా నుండెను. అందు పచ్చి తొక్కలే విశేషము; వండిన యన్నము, కూర మిగులుట తక్కువ. మాంసాహారము లేదు. పూజచేసిన పూలు కొన్ని, టీపొడి, కాఫీపిప్పి కొంత. తూచినందువలన నింకొక లాభము కలిగినది. అన్నము మిగులు దినములేవో కంటబడుటచే, ఎసటిలో పోయు బియ్యమును తగ్గించితిమి. ఎరువుకంటె ముందు పొదుపు చేతికి వచ్చినది.

ఇక నెరువు తయారగు విధమును కొంచెము తెలిసికొనవలయును. చెత్తను తిని యెరువుగా మార్చునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. వానికి కర్బనమును నత్రజనియు రెండును కావలయును. ఇంచుమించుగా 25 మొదలు 30 పాళ్ళ కర్బనమునకు ఒక పాలు నత్రజని యున్నచో పని చక్కగా సాగును. కూరగాయల తొక్కలలో నత్రజని యెక్కువ. ఎండుటాకులు, రంపపుపొట్టు, వరిగడ్డి, కొబ్బరిపొట్టు మొదలగువానిలో కర్బన మెక్కువ. త్రాసు పట్టవలసిన పనిలేదు. ఒక గిన్నెడు తొక్కలకు గిన్నెడునుండి రెండు గిన్నెల యెండుటాకులు చాలును. తడి యెంత యుండవలయుననగా, గుప్పిట పట్టి పిండినప్పుడు చేయి తడి కావలెను గాని నీరు ధారగా కారరాదు. గాలి ఆడవలయును. ఈ మూడును కుదిరిన యెరువునకు కంపుండదు.

ఈ శాస్త్రమునకు మన దేశముతో గాఢమైన సంబంధము గలదు. ఆల్బర్టు హోవర్డు అను వృక్షశాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వఱకు ఇందూరులోని వ్యవసాయ పరిశోధనాలయమున పనిచేసి, చెత్తను పేడతో పొరలుపొరలుగా పేర్చి నడుమనడుమ తిరుగవేయుచు మూడు నెలలలో నెరువు చేయు ఇందూరు పద్ధతిని లోకమునకు తెలిపెను. ఆయన భార్య గాబ్రియేలు హోవర్డు తానును వృక్షశాస్త్రజ్ఞురాలై 1930లో మరణించువఱకు ఆయనతో సమముగా పరిశోధనలు చేసినది. ఆయన పేరెరిగినవారిలో ఈమె పేరెరిగినవారు తక్కువ గావున నిచ్చట పేర్కొనుచున్నాము. తరువాత 1939 ప్రాంతమున సి. ఎన్. ఆచార్య అను నాయన బెంగుళూరు పద్ధతిని రూపొందించెను. అందు గుంతను పొరలతో నింపి పైన మట్టిమెత్తి విడిచిపెట్టుదురు. తిరుగవేయు శ్రమ లేదు గాని ఆరు మొదలు ఎనిమిది నెలలు కాచుకొనవలయును. శ్రమపడినవారికి త్వరగాను, శ్రమపడలేనివారికి ఆలస్యముగాను ఎరువు వచ్చునని ఈ రెండు పద్ధతులవలన తెలియుచున్నది. మన యిండ్లలోని పద్ధతులన్నియు ఈ రెంటి నడుమ నున్నవే.

మా చెల్లెలి కాపురము అనంతపురమున. అక్కడ సంవత్సరమునకు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆమె యింటి వెనుక వేపచెట్టును, కొంత పెరడును గలవు. ఆమె మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల గుంతలు రెండు త్రవ్వించినది. ఒకటి నిండిన తరువాత మట్టికప్పి రెండవదానిని మొదలుపెట్టును. ఆ పొడినేలలో గుంతయే మేలు; పైన పోసిన కుప్ప రెండు దినములలో నెండి, చీమలపుట్ట యగును. గుంతలో నైనచో తడి నిలుచును. మాఘ ఫాల్గుణములలో రాలు వేపాకును తగులబెట్టక గోనెసంచులలో నింపి సంవత్సరమునకు సరిపడ దాచుకొనును. తోటపనికి ఒక మనిషి నెలకొకసారి వచ్చును గావున పార పట్టవలసిన పని యామెకు లేదు.

ఇదే గుంతను మా అత్తవారి యూరిలో త్రవ్వినచో ఫలమేమి? అది కోనసీమ. వర్షకాలమున రెండడుగులు త్రవ్విన నీరు పైకుబుకును. నీటిలో మునిగిన చెత్త యెరువు కాదు, క్రుళ్ళును. అందుచేత నక్కడివారు నేలకంటె ఎత్తుగా, కొబ్బరిమట్టల పరుపుమీద కుప్ప పోయుదురు. పైన కొబ్బరియాకులు కప్పుదురు. అడుగున మట్టలుండుటచే నీరు జారిపోవును, గాలి ఆడును. ఒకే రాష్ట్రమున, ఒకే కుటుంబమున, ఒకరికి పల్లము, ఒకరికి మెరక తగినది.

విజయవాడలో మా పినతల్లి కుమార్తె ఎఱ్ఱలను, అనగా వానపాములను పెంచుచున్నది. తొట్టియెరువునకు పొలములోని సామాన్యపు ఎఱ్ఱలు పనికిరావు. అవి మట్టిలో బ్రదుకునవి. చెత్తను తినునవి ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే అను జాతులు. ఎఱ్ఱల యెరువు మెత్తగా టీపొడివలె నుండి మొక్కలకు మిగుల హితమైనది. కాని ఎఱ్ఱలు ప్రాణులు. 20 మొదలు 30 డిగ్రీల వేడిలో సుఖముగా నుండును. 35 డిగ్రీలు దాటినచో బాధపడును. విజయవాడ యెండలు మన మెఱిగినవే. తొట్టి పడమటి పిట్టగోడప్రక్క నుండుటచే మొదటి వైశాఖముననే సగము చచ్చినవి. ఇప్పు డామె తొట్టిని ఉత్తరపు వసారాలో నీడపట్టున నుంచి, తడిపిన గోనె కప్పి, పుల్లని నిమ్మతొక్కలు, కారము, ఉప్పు, నూనె తగిలిన కూరలు వేయక కాపాడుచున్నది. ఎండకాలమున వారముదినములు ఊరికి పోవలసివచ్చిన నెవరికో యప్పగించి పోవలయును. ఈ బాధ్యత నిష్టపడువారికి ఎఱ్ఱలు తగును. తఱచు ప్రయాణములు చేయువారికి తగవు.

జపానునుండి వచ్చిన బొకాషి పద్ధతి యొకటి గలదు. అది మన ఊరగాయ జాడీవంటిది. గాలి చొరని మూతగల బకెట్టులో చెత్తను అదిమి, సూక్ష్మజీవులను పట్టించిన తవుడు చల్లి మూసిపెట్టుదురు. నిండిన తరువాత రెండు వారములు ఊరనిత్తురు. వండిన యన్నము, కూరలు, మాంసాహారము మిగులు ఇండ్లకు ఇది యుపకారి. అయితే బకెట్టులోనిది యెరువు కాదు, ఊరిన చెత్త మాత్రమే. దానిని మరల మట్టిలో పూడ్చి కొన్ని వారములు ఉంచినగాని మొక్కకు పెట్టరాదు. పూడ్చుటకు చోటులేనివారు ముందుగానే ఆలోచించుకొనవలయును. విద్యుద్యంత్రములలో ననేకము చెత్తను వేడిచేసి యెండబెట్టి పొడిచేయునవే. ఆ పొడియు మట్టిలో కొంతకాలము మ్రగ్గవలసినదే. చోటును తీరికయు బొత్తుగా లేనివారికి భారము తగ్గించుట కవి యుపయోగపడును గాని, వానికి విద్యుచ్ఛక్తి వ్యయ మున్నది.

మాకు మిగిలినది కుండల పద్ధతి. మేముండునది మూడవ అంతస్తు ఫ్లాటు. ఉన్నదెల్ల తూర్పుబాల్కనీలో నాలుగడుగుల చోటు. మట్టికుండలు మూడు, వానికి ప్రక్కల బెజ్జములు, మీద మూత. పైకుండలో నెల దినములు తొక్కలును ఎండుటాకులును వేసి, నిండగానే క్రిందికి దింపి, ఖాళీకుండను పైన పెట్టుట. మూడు నెలలకు క్రిందికుండలో నెరువు సిద్ధమగును. మొదటిసారి మాత్రము పాతయెరువు రెండు గుప్పిళ్ళు, పుల్లని మజ్జిగ కొంచెము కలిపితిమి. చోటును చెత్తయు కుండలకు సరిపోయినవి. మూడవ ప్రశ్న మిగిలినది: చేయువారెవరు?

మా అత్తగారికి డెబ్బదియెనిమిది యేండ్లు. మామగారు గతించిన పిమ్మట కోనసీమలోని యిల్లు తాళమువేసి మా యొద్దకు వచ్చిరి. అక్కడ తెల్లవాఱకముందే పెరటిలో తిరిగిన మనిషి, ఇక్కడ కిటికీప్రక్క కుర్చీలో కూరుచుండి, "అమ్మాయీ, ఈ యింట నే చేయదగిన పని యొక్కటి చెప్పు" అని యడుగుచుండిరి. వారి మోకాళ్ళు వంగవు. కుండలు నేలమీద నుండిన వారికి చేతగాదు. మేము బల్లయొకటి చేయించి కుండలను దానిమీద వరుసగా నుంచితిమి. ఒకదానిమీద నొకటి పేర్చుట మానితిమి. పైకుండ, క్రిందికుండ లేదు. నిండిన కుండను ప్రక్కకు జరుపుటయే. అంతట నా పని వారిదైనది. ప్రతి యుదయము తొక్కలను చిన్నముక్కలుగా నఱికి వేసి, ఆకు చల్లి, కఱ్ఱతో కలిపి, చేతితో తడి చూచెదరు. "అత్తయ్యగారూ, చేతికి తొడుగు వేసికొనరాదా" అని మేమన్నచో, "తొడుగు వేసికొన్న తడి తెలియునా?" అందురు. రెండవ నెలలో పెరుగు అన్నము మానివేసిరనుకొన్నంత దిగులుతో నున్న వారు మరల కడుపార భోజనము చేయుట చూచితిమి.

పని యామెకే వదలలేదు. ఎండుటాకులు తెచ్చుట మావారి వంతు. ఆదివారము పార్కువద్ద ఊడ్చిన యాకును తోటమాలి నడిగి సంచి నింపుకొని వత్తురు. తయారైన యెరువును జల్లించుట మా చిన్నవాని వంతు. కుండలు జరుపుట మా వంతు. పనిమనిషికి దీనిలో నే పనియు చెప్పలేదు. ఆమె కిచ్చు జీతము ఇల్లు ఊడ్చుటకు, గిన్నెలు తోముటకు. మన సత్సంకల్పమును ఆమె నెత్తిన బెట్టుట న్యాయము కాదు. గృహిణి యొక్కతెయే మోయవలసివచ్చు పద్ధతియు అంతే. అది యెంత మంచిదైనను మూడు నెలలు నిలువదు.

ఇంతలో నొక చిక్కు వచ్చినది. మా మేడలోనే యొక కుటుంబమువారు బెజ్జములు లేని ప్లాస్టిక్కు డబ్బాలో తొక్కలు నింపి, మూతబెట్టి, పదిదినములు ఊరికి పోయిరి. తిరిగివచ్చి తెఱచునప్పటికి కంపు నాలుగు అంతస్తులకు వ్యాపించినది. నివాసుల సంఘము సమావేశమై, ఇకమీదట నెవరును ఇంట చెత్త నిలువ చేయరాదని తీర్మానింపబూనిరి. మాటలాడుటకు మేము లేచితిమి గాని మా మాట యెవరికిని రుచింపలేదు. అప్పుడు మా అత్తగారు పళ్ళెములో జల్లించిన యెరువును తెచ్చి సంఘాధ్యక్షుని యెదుట బెట్టి, "వాసన చూడు నాయనా" అనిరి. ఆయన సంకోచించి వంగి చూచి, "వాన పడిన మట్టివలె నున్నదండీ" అనెను. తీర్మానము మారినది. మూతగల కుండలు ఉంచుకొనవచ్చును. కంపు వచ్చినదని పొరుగువారు చెప్పిన దినమున సరిచేయవలయును, లేదా తీసివేయవలయును. ఇది న్యాయమైన కట్టుబాటని మేమును ఒప్పుకొంటిమి.

తరువాత మూడు కుటుంబములవారు కుండలు తెచ్చుకొనిరి. ఒకరు నెలకే మానిరి. వారింట అందరును ఉద్యోగస్థులు. ఉదయమున కుండయొద్ద నిలుచు తీరిక యెవరికిని లేదు. వారిని నిందింపవలసినది లేదు. ఇప్పుడు వారు ఊరబెట్టు బకెట్టు వాడుచు, నెలకు రెండుసార్లు క్రింది తోటలోని చెట్ల మొదట పూడ్పించుచున్నారు.

క్రొత్తగా మొదలిడువారికి కొన్ని సూచనలు చేయుదుము. కుండనుండి కంపు వచ్చినచో తడి యెక్కువైనదని యర్థము. ఎండుటాకులు వేసి కలుపవలయును. చీమలు పట్టినచో పొడి యెక్కువైనది, నీరు చిలుకరింపవలయును. చిన్న యీగలు ముసరినచో తొక్కలు కనబడకుండ ఆకు కప్పవలయును. లావుగా, గోధుమవర్ణమున పురుగులు కనబడిన భయపడవలదు. అవి నల్లని యొకజాతి యీగల పిల్లలు, చెత్తను శీఘ్రముగా తినును, మనుష్యులకు హాని చేయవు. చిన్నకుండలలో పెద్దకుప్పలోవలె 55 డిగ్రీల వేడి పుట్టదు గావున, తెగులు తగిలిన మొక్కలను, విత్తులు పట్టిన కలుపును వేయరాదు. మెఱుగుపూత గల కాగితపు విస్తళ్ళు, మందులు, ఋతుకాలపు గుడ్డలు, కుక్కపిల్లుల మలము ఎన్నడును వేయరాదు. ఎరువు పండినదో లేదో తెలియకున్నచో గుప్పెడు తీసి సంచిలో మూసి రెండుమూడు దినము లుంచి చూడుడు. విప్పినప్పుడు కంపు లేకున్న పండినట్లు. మొక్కకు పెట్టునప్పుడు మూడు నాలుగు పాళ్ళ మట్టికి ఒక పాలు చాలును.

సోదరీమణులు కుండయో బకెట్టో కొనుటకు ముందు ఒక వారము తమ యింటి తొక్కలను తూచి చూడుడు. చోటునకు ఎండ యెప్పుడు వచ్చునో, వాన యెటనుండి కొట్టునో చూడుడు. పిమ్మట ఇంటివారినందఱిని కూరుచుండబెట్టి, ఎవరి వంతేమో ముందుగానే నిర్ణయించుడు. ఆ మాట తేలినతరువాత పద్ధతిని ఎన్నుకొనుట కష్టము కాదు. ఎవరింటి కేది తగునో వారి యింటిలోనే వ్రాసియున్నది.